చెక్క వంతెన మొదట్లో జత జోళ్లు

చదివేవారికి ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాకే. స్టేషను దగ్గర టీ కొట్టు నడిపిన రోజుల్లో ప్రయాణికులు బల్ల మీద మరిచిపోయిన డిటెక్టివ్ పుస్తకాలే నాకు బడి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. తప్పులు కనిపిస్తే సరిచేసుకుని చదవండి. రాయడం కూడా నెమ్మదే. ఈ అధ్యాయం మొదలుపెట్టిన రోజున పెరట్లో చిక్కుడు గింజ నాటాను, ఇప్పుడు కాయలు కోసుకుంటున్నాం. ప్రిస్కిల్లా మాత్రం నాలా కాదు, చురుకైన మనిషి. ఆవిడ వెంట నడవండి.

*

"ఆయన జోళ్లు విప్పరు, ప్రిస్కిల్లా. మంచం ఎక్కేదాకా విప్పరు. విప్పాల్సొస్తే నేనే విప్పుతాను."

పొద్దుటి నుంచి అన్నమ్మ ఈ మాటే అంటోంది. మొగిలిపేట బీల గేటు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో పోలీసులు తిరిగి ఇచ్చిన ప్లాస్టిక్ సంచి. సంచిలో భర్త సీమోను మాస్టారి జోళ్లు.

సీమోను మాస్టారు కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కోటబొమ్మాళి దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఈ చిత్తడి నేలని, అంటే బీలని, ప్రభుత్వం రక్షిత ప్రాంతం చేసింది. నీళ్ల మీద చెక్క వంతెన పరిచి, జనాన్ని టిక్కెట్టు మీద రానిస్తున్నారు. అక్కడ ఏ మొక్క ఎక్కడ ఉందో చూసి పేరు బోర్డులు పెట్టడం మాస్టారికి ఇష్టమైన పని. పోయిన శుక్రవారం సాయంత్రం ఆయన వంతెన మీదకు వెళ్లాడు. శనివారం పొద్దున్న వంతెన చివరి మంచె కింద, గుర్రపుడెక్క మధ్య తేలాడు. ఒంటి మీద గాయం లేదు. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. జోళ్లు మాత్రం వంతెన మొదట్లో పక్కపక్కన, పొందిగ్గా.

"జోళ్లు విప్పి పెట్టి వెళ్లాడంటే తెలిసే వెళ్లాడు" అన్నాడు ఎస్సై శివాజీ. ఆత్మహత్య. ఈ సాయంత్రం అదే మాట రాసి ఫైలు మూసేస్తానన్నాడు.

ఫైలు అలా మూసుకుంటే అన్నమ్మ బతుకు కూడా మూసుకున్నట్టే. సంఘ పెద్ద ఎలీషా మొహమాటం లేకుండా చెప్పేశాడు. తన ప్రాణం తాను తీసుకున్న మనిషికి గుడిలో ఆరాధన ఉండదు. వాక్యం ఉండదు, పాట ఉండదు. సమాధి తోటలో అందరి వరసలో చోటు ఉండదు. రేపు పొద్దున్న గోడవార గొయ్యి తీసి మట్టి కప్పి రావడమే.

"నలభై ఏళ్లు ఆ గుడిలో పాట ఎత్తింది నేనే" అంది అన్నమ్మ. "ఊళ్లో ఎవరు పోయినా నేనే పాడాను. నా మనిషికి పాట లేకుండా ఎలా కప్పుతారు?"

ప్రిస్కిల్లాకి చిన్నప్పుడు సండేస్కూల్లో పాటలు నేర్పింది ఈ అన్నమ్మక్కే. అందుకే ఫోను రాగానే చీపురుపల్లి నుంచి మొదటి బండి పట్టుకుని వచ్చింది. హెడ్ కానిస్టేబులుగా పనిచేసి, పైవాళ్లతో పడక ఉద్యోగం మానేసి, అక్కడే డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆవిడ. ఎక్కువగా వచ్చేవి పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలు. చావు ఎంక్వయిరీ వస్తే మాత్రం టీ కూడా తాగదు.

"విప్పడని నాకు తెలిస్తే సరిపోదక్కా. ఎందుకు విప్పడో చెప్పు."

"చక్కెర జబ్బు కదా. ఎడమ కాలికి పుండు. చిన్న రాయి గుచ్చుకున్నా కాలు తీసెయ్యాలన్నాడు డాక్టరు. ఇవి ఆసుపత్రి వాళ్లు కొలత తీసి కుట్టించిన జోళ్లు. గుడిలో కూడా విప్పరు. ఎలీషా గారు ఓసారి అడిగితే, 'దేవుడికి నా కాలు తెలుసులే' అన్నారు. అప్పటి నుంచి చివరి బెంచీలోనే కూర్చుంటారు."

కూర్చుంటారు అని అనేసి, అన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆసుపత్రిలో ఆయన్ని కడిగింది నువ్వేనా?"

"నేనే."

"పుండు మీద కట్టు ఉందా?"

"ఉంది. నీళ్లకి ఉబ్బిపోయింది."

"పాదం కింద వైపు? మరక ఏమైనా?"

"తెల్లగానే ఉంది. నేను శుక్రవారం మధ్యాహ్నం కట్టిన కట్టే అది."

ప్రిస్కిల్లా సంచిలోంచి ఎడమ కాలి జోడు తీసుకుని తన చేతిసంచిలో వేసుకుంది. నల్లటి జిగురు ఎండిన అడుగున చిన్న చిన్న చుక్కలు, మడమ దగ్గర చంద్రవంక లాంటి గీత. ఇలాంటి అడుగు బజారులో దొరకదు.

"నువ్వు ఇక్కడే ఉండక్కా. ఫోను చేతిలో పట్టుకో."

*

వంతెన మొదలు గేటుకి కొంచెం దూరంలో, మొగలి పొదలు దాటాక ఉంది. ఎండ పడమటికి వాలింది. నీళ్ల మీద పొగ లాంటిది అప్పుడే లేస్తోంది. ప్రిస్కిల్లా మొదటి బల్ల మీద కాలు పెట్టబోయింది.

"ఓలమ్మో! ఆగెహె! సెప్పులిప్పు ముందు!"

పొదల నీడలోంచి ఒక ముసలామె చీపురు పట్టుకుని వచ్చింది. టిక్కెట్లు చించే గున్నమ్మ. ఇక్కడి కాపలాదారు ఎల్లాజీ ఆమె కొడుకే.

"ఇది రూలా పిన్నీ?"

"రూలు గీలు నాకు తెల్దు. టిక్కెట్టు కొన్నోలు బూట్లతోటే ఎల్తారు, ఆలకేటి తెలుస్తాది. నువ్వు సచ్చిపోనాయన పని మీద వచ్చినావు. ఇప్పు."

"ఎందుకో చెబితే విప్పుతాను."

"ఈ బల్లలేటనుకున్నావు? మా నావలు! పేటలో ఫైబరు బోట్లొచ్చినాక నావలన్నీ ఇడగ్గొట్టీసి అమ్మీసినాం. అయ్యే తెచ్చి ఇక్కడ పరిసినారు. అదిగో, ఆ సిల్లులు సూడు. తాడేసి కుట్టిన సిల్లులు. ఆ బల్ల మా ఆయన నావది. సెప్పులతోటి నావెక్కుతారేటి? గంగమ్మ కాదేటి?"

ప్రిస్కిల్లా చెప్పులు విప్పి పక్కన వదిలింది. గున్నమ్మ నడుం పట్టుకుని వంగి, వాటిని అటు నుంచి ఇటు తిప్పి, ముందు భాగం ఊరి వైపు ఉండేలా పెట్టింది.

"ఇదేటి మళ్లీ?"

"ఊరేపు తిప్పాల. నావెక్కినోడు తిరిగొచ్చి ఏసుకోవాల గదా. నీల్లేపు తిరిగుంటే ఆడు మరి రాడు."

ప్రిస్కిల్లా వెంటనే ఫోను తీసి, పోలీసులు ఆ రోజు తీసి అన్నమ్మకి ఇచ్చిన ఫోటోని పెద్దది చేసి చూసింది. వంతెన మొదటి బల్ల. పక్కన మాస్టారి జోళ్లు. రెండింటి ముందు భాగాలూ ఊరి వైపే తిరిగి ఉన్నాయి. చనిపోవడానికి నీళ్ల వైపు నడిచిన మనిషి జోళ్లు అలా ఎందుకు ఉంటాయి?

"ఇవి నువ్వు తిప్పావా?"

గున్నమ్మ చేతిలో చీపురు కింద పడింది.

"గంగమ్మ తోడు, నాను ముట్టలేదు. నాను సూసీసరికే అలాగున్నాయి. అదేనమ్మా నా బయం." గొంతు తగ్గించింది. "జోళ్లు ఊరేపు తిప్పి పెడితే మనిషి రాకేటి సేస్తాడు? వస్తన్నాడు."

"ఎవరు?"

"ఇంకెవులు? మాస్టారే. పొద్దు గూకే ఏళకి. సప్పుడుండదు. వంతెనకి అటూ ఇటూ ముట్టుకుంటే ముడుసుకునే ఆకులుంటాయి సూడు, అయ్యి ఒకటెనకాల ఒకటి ముడుసుకుంటా పోతాయి. మొగలి డొంక అడ్డం, మనిషి అగుపడడు. బూట్లేసుకున్నోడయితే బల్లలు టకటకమనవేటి? ఆయన జోళ్లు ఇక్కడే ఒగ్గీసినాడు గదా!"

"మీ ఎల్లాజీ కావచ్చుగా?"

"ఆడా? ఆఫీసోలు పాములకని మోకాల్దాకా గొట్టం బూట్లిచ్చినారు. ఏసుకోపోతే జీతం కోస్తామన్నారు. ఏసుకున్న ప్రెతి రోజూ నా సేత తిట్లు తింతాడు. ఆడొస్తే కోటబొమ్మాళికి ఇనపడతాది."

ప్రిస్కిల్లా నవ్వలేదు. అప్పటికే తన అరికాలు చూసుకుంటోంది. రెండడుగులు వేసిందో లేదో, నల్లగా అంటుకుంది.

"తారా?"

"ఎల్లాజీయే పూసినాడు. నావకి పూసినట్టే ఏడాదికోపాలి పూస్తాడు. ఆకరున మంచె కాడ శుక్కురోరం మద్దినేళే పూసినాడు. పచ్చిగున్నాది, ఎవులూ రావద్దని తాడు గట్టినాడు. మాస్టారొకలే మాటినలేదు. ఏదో పువ్వు పూసీ ఏళంట, ఎల్లి తీరాలని తాడిప్పుకుని ఎల్పోనాడు."

శుక్రవారం మధ్యాహ్నం పూసిన తారు. శుక్రవారం సాయంత్రం వెళ్లిన మనిషి. అరికాలు దగ్గర మరక లేని కట్టు.

"గున్నమ్మ పిన్నీ, నువ్వు గేటు దగ్గరికెళ్లి అన్నమ్మక్క పక్కన కూర్చో. నేను వచ్చేదాకా ఎవర్నీ రానివ్వకు."

"గేటు లోంచి రానివ్వను. గట్టు మీద నుంచొచ్చీవోల్ని నానేటి ఆపగల్ను?" అంది గున్నమ్మ. నడవబోతూ వెనక్కి తిరిగింది. "ఆయన కనిపిస్తే జోళ్లు అన్నమ్మ కాడున్నాయని సెప్పు."

*

వంతెన తిన్నగా వెళ్లదు. మొగలి డొంకల మధ్య మెలికలు తిరుగుతుంది. ఒక మలుపులో నిలబడితే ముందు మలుపూ కనబడదు, వెనక మలుపూ కనబడదు.

ప్రతి మలుపులోనూ చిన్న చెక్క బోర్డు. మీద మాస్టారి గుండ్రటి రాత. "జమ్ము. దీని కంకిని దూది అనుకుని పీకవద్దు." ఇంకో చోట, "ఎర్ర కలువ. మీరు వచ్చినప్పుడు నిద్రపోతుంటే మీదే తప్పు." మనిషి పోయినా ఆయన మాట మలుపు మలుపుకీ ఎదురొస్తోంది. ప్రిస్కిల్లాకి ఎవరో పక్కనే నడుస్తూ చదివి వినిపిస్తున్నట్టు ఉంది. చదవడం మానేద్దామనుకుంది. కళ్లు మానలేదు.

మంచెకు ముందు మలుపులో నీళ్లంతా పచ్చగా కప్పేసిన తీగ. చింతాకు లాంటి ఆకులు వంతెన మీదకు కూడా పాకాయి. బోర్డు మీద, "నీటి అత్తిపత్తి. ముట్టుకోకండి. ముడుచుకుంటే మళ్లీ నమ్మకం కలిగి విచ్చుకోవడానికి దానికి చాలాసేపు పడుతుంది."

చీర కుచ్చెళ్లు తగిలి ఆకులు రెండు వైపులా ముడుచుకున్నాయి. ఆవిడ దాటి వెళ్లాక ఆ దారి గీత గీసినట్టు కనిపించింది.

మంచె అంటే పిట్టల్ని చూడటానికి కట్టిన చదరపు అరుగు. చుట్టూ నడుమెత్తు కటకటాలు. ఒక వైపు మాత్రం నీళ్లలోకి దిగే మెట్లు ఉన్నాయి, అక్కడ కటకటా లేదు. పిట్టలు ఉండాల్సిన వేళ. ఒక్క పిట్ట లేదు. ఒక్క కూత లేదు. మంచె మధ్యలో సందర్శకులు కూర్చోవడానికి వేసినట్టు తుంగ చాప ఉంది.

ప్రిస్కిల్లా ముందు కటకటాలు చూసింది. నీళ్ల వైపు స్తంభానికి, కంటికి ఆనని చోట, సన్నటి నైలాను దారం ముడి. కోసిన ముడి. పక్క స్తంభానికి ఇంకోటి. సముద్రపు వల దారం. మంచినీళ్ల బీలలో సముద్రపు వల దేనికి? చేపలకి కాదు. ముడులు నీళ్లలో లేవు, మనిషి తల ఎత్తులో ఉన్నాయి. గాలికి అడ్డంగా కట్టే వల. పిట్టల కోసం కట్టే వల.

తరవాత చాప చూసింది. శుక్రవారం పచ్చి తారు మీద ఎవరు చాప వేస్తారు?

అంచు పట్టి లాగింది. చాప రాలేదు. గట్టిగా లాగితే తుంగ పోచలు తెగుతూ, చర్మం ఊడినట్టు చప్పుడు చేస్తూ లేచింది.

కింద తారులో అచ్చులు ఉన్నాయి. గట్టిపడిపోయిన, చెరగని అచ్చులు.

చుక్కల అడుగు. మడమ దగ్గర చంద్రవంక. సంచిలోంచి మాస్టారి జోడు తీసి ఆ అచ్చులో పెట్టింది. గూటిలో గుడ్డులా కూర్చుంది. ఆ క్షణం ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరో ఆ జోడులో కాలు పెట్టుకుని తన ముందు నిలబడినట్టే ఉంది.

మాస్టారు ఇక్కడిదాకా జోళ్లతోనే వచ్చాడు. మెట్ల వైపు అచ్చు ఒక పక్కకి జారింది, ఈడ్చుకుపోయింది. అక్కడే ఒక జోడు ఊడి ఉంటుంది. దాని ఎదురుగా, దానికి ఆనుకుని, ఇంకో అచ్చు.

చెప్పులు లేని పాదం. వేళ్లు తారులోకి గట్టిగా దిగబడ్డాయి. బరువైన దాన్ని ఎత్తి తోసిన పాదం.

ప్రిస్కిల్లా గబగబా ఫోటోలు తీసింది. అన్నమ్మకి పంపింది. సిగ్నలు ఒక్క గీతే ఉంది. తెర మీద గుండ్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది.

తల ఎత్తేసరికి వెలుగు తగ్గింది. పొగమంచు కటకటాల్లోంచి లోపలికి వస్తోంది. వచ్చిన దారి వైపు చూసింది. తన చీర తగిలి ముడుచుకున్న ఆకులు ఈపాటికి విచ్చుకున్నాయి. చింతాకులా, పచ్చగా.

చూస్తుండగానే మలుపు దగ్గర ఒక ఆకు ముడుచుకుంది.

దాని పక్కది. దాని పక్కది.

బల్లలు చప్పుడు చెయ్యలేదు. ఆకులు మాత్రం ఒకదాని వెనక ఒకటి మూసుకుంటూ మంచె వైపు వస్తున్నాయి.

"ఎవరు?" అంది ప్రిస్కిల్లా.

"భయపడ్డారా హెడ్డుగారూ?"

మంచులోంచి ఖాకీ చొక్కా బయటికొచ్చింది. ఎస్సై శివాజీ. ప్యాంటు చీలమండల పైకి మడిచి ఉంది. కాళ్లకి బూట్లు లేవు.

*

"నాకు లాఠీ పట్టుకోవడం నేర్పింది మీరే" అన్నాడు శివాజీ, కటకటాకి ఆనుకుంటూ. "ఇప్పుడు పెళ్లికొడుకుల వెనకాల తిరుగుతున్నారని విన్నా. ఇక్కడేం సంబంధం చూస్తున్నారు?"

"ఇక్కడ నువ్వు చూడకుండా వదిలేసిన సంబంధం. బూట్లేవి?"

"మీ గున్నమ్మ ఊరుకుంటుందా? విప్పితే గానీ కాలు పెట్టనివ్వలేదు. చేపలోళ్ల చాదస్తాలు. నాకేం తెలుసు, నేను విజయనగరం టౌన్లో పుట్టి పెరిగినవాణ్ని."

అది నిజమే కావచ్చు. గున్నమ్మ ఇందాక తనచేతా విప్పించింది. ప్రిస్కిల్లా ఆ మాట అక్కడికి వదిలేసింది.

"శనివారం ఇక్కడికి వచ్చావు కదా. ఈ చాప ఎత్తావా?"

"మా పెద్ద ఆఫీసరు పక్కనే ఉన్నాడు. శవం నీళ్లలో ఉంటే చాప ఎత్తి ఏం చెయ్యను, పడుకోనా?"

"ఎత్తి ఉంటే ఈ జోడు అచ్చు చూసేవాడివి. తారు పూసింది శుక్రవారం మధ్యాహ్నం. మాస్టారు జోళ్లతో ఈ మంచె దాకా వచ్చాడు. కాలి కట్టుకి చుక్క తారు అంటలేదు. మరి ఆ జోళ్లు తమంతట తాము నడిచి వంతెన మొదటికి వెళ్లాయా?"

శివాజీ కిందికి చూశాడు.

"సరే. ఎవడో మోసుకెళ్లి పెట్టాడంటారు."

"తోపులాటలో ఒకటి ఊడింది. ఒక కాలికి జోడు ఉండి ఒక కాలికి లేకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకే రెండోదీ విప్పాడు. చావాలనుకున్న మనిషి జోళ్లు ఎక్కడ విప్పుతాడు? ఇక్కడ, ఈ మెట్ల మీద. వాడు ఇక్కడే వదిలేసి ఉంటే నేను కూడా నీ మాట నమ్మేదాన్ని. కానీ వాడికి ఆ ఆలోచన రాలేదు. ఈ బల్లల మీద జోళ్లు ఉండకూడదు, అవి మొదట్లోనే ఉండాలి. వాడి ఒంట్లో ఉన్న అలవాటు అది. తీసుకెళ్లి మొదట్లో పెట్టాడు. పెట్టి, ఊరి వైపు తిప్పాడు."

"తిప్పడమేంటి?"

"నావ వాళ్ల ఆనవాయితీ. వెళ్లినవాడు తిరిగి రావాలని."

"అవునా? నాకు కొత్త సంగతి." శివాజీ నవ్వాడు. "అయితే నావ ఇంట్లో పుట్టినవాడు. బాగుంది. మీరే కేసు తేల్చేశారు. ఎల్లాజీని ఇప్పుడే జీపెక్కిస్తాను."

"ఎల్లాజీ పని మీద ఉన్నంతసేపూ గొట్టం బూట్లలో ఉంటాడు. ఇది చెప్పుల్లేని పాదం."

"ఆ రోజు విప్పాడేమో."

"విప్పితే వాళ్లమ్మ ఊరంతా టముకు వేసేది. పైగా తారు పూసినవాడికి అది పచ్చిగా ఉందని తెలుసు. అందులో కాలు పెట్టడు. తెలియకుండా వచ్చినవాడే అచ్చు వేసి, చూసుకుని, కంగారుపడి చాప కప్పాడు. వాడు ఇక్కడికి పిట్టల కోసం వస్తాడు. స్తంభాలకి వల ముడులు ఉన్నాయి. పొద్దు గూకే వేళకి, ఎవరూ లేనప్పుడు, చప్పుడు లేకుండా వస్తాడు. గున్నమ్మ వాణ్నే దెయ్యం అనుకుంటోంది."

"కథ బాగా చెబుతారు." శివాజీ జేబులోంచి చేతులు తీశాడు. "ఈ అచ్చు, ఈ ముడి, అన్నీ రేపు చూద్దాం. చీకటి పడుతోంది. ముందు ఆ ఫోను ఇలా ఇవ్వండి. సాక్ష్యం కదా, స్టేషన్లో జమ చెయ్యాలి."

"రేపటికి మాస్టారు గోడవార ఉంటాడు."

"ఎక్కడుంటే ఏంటి హెడ్డుగారూ? మట్టి మట్టే."

ప్రిస్కిల్లా ఫోను వెనక్కి పట్టుకుంది. గుండ్రం ఇంకా తిరుగుతోంది.

అప్పుడు వంతెన మొదటి నుంచి, నీళ్ల మీదుగా, పొగమంచు కోసుకుంటూ గొంతు వచ్చింది. గున్నమ్మ గొంతు. బీలంతా దానితో నిండిపోయింది.

"ఓ ప్రిస్కిల్లమ్మా! వంతెనకి గొలుసేద్దారని వచ్చినాను! ఈ బూట్లెవులివే? నాను గేటు కాడికెల్లినప్పుడు లేవు! పోలీసు బూట్లు! ఎవులూ సెప్పకండానే ఇప్పినారు! ఊరేపు తిప్పి పెట్టినారే అమ్మా! ఊరేపు తిప్పి!"

ప్రతిధ్వని ఆగాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గున్నమ్మ అతని చేత విప్పించలేదు. గున్నమ్మ అతన్ని చూడనే లేదు.

శివాజీ తల వంచుకుని తన పాదాలు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. మడమల పగుళ్లలో తారు నల్లగా పేరుకుని ఉంది. ఒక్క రోజుది కాదు. సబ్బుకి పోని పాత తారు.

"మాయమ్మ నేర్పినాది" అన్నాడు. ఆ యాస అతని నోట ప్రిస్కిల్లా ఎప్పుడూ వినలేదు. "సిన్నప్పుడు ఓ పాలి తిప్పడం మర్సిపోనాను. ఆ రోజే మా అయ్య నావ తిరిగి రాలేదు. నా వీపు సిట్లిపోయీలాగ కొట్టినాది. ఊరు మార్సినాను, మాట మార్సినాను. కాళ్లు మారలేదు."

"మాస్టారి జోళ్లు కూడా తిప్పావు. ఆయన తిరిగి రావాలనా?"

"సేతులు తిప్పీసినాయి. నాను కాదు." అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "మొక్కలు సూసుకుంటే సరిపోయీది ఆయనకి. పిట్టలేపు సూసినాడు, నా వల సూసీసినాడు. మీరూ అంతే."

వెనక మెట్లు. మెట్ల కింద గుర్రపుడెక్క, దాని కింద నల్లటి నీళ్లు. ముందు శివాజీ. ప్రిస్కిల్లా ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. తన కోసం అరవలేదు.

"గున్నమ్మ పిన్నీ! ఆ బూట్లు ముట్టకు! అన్నమ్మక్కని పిలు, వాటికి ఫోటో తియ్యమను! తీసి ఎలీషా గారికి పంపమను! మాస్టారు తనంతట తాను పోలేదని చెప్పమను! శివాజీ, ఎస్సై శివాజీ! ఫోటో పంపి రోడ్డు మీదకి పరిగెత్తండి, ఇద్దరూ! నా కోసం రావద్దు!"

మంచులో కాసేపు ఏమీ లేదు. తరవాత దూరంగా ఒక ఏడుపు, ఆ వెంటనే పరుగెత్తే కాళ్ల చప్పుడు. గేటు వైపు వెళుతున్న చప్పుడు.

ప్రిస్కిల్లా చేతిలో ఫోను ఒకసారి వణికింది. కంటి చివర నుంచి చూసింది. గుండ్రం ఆగింది. తారులో అచ్చు ఫోటో వెళ్లిపోయింది.

రేపు పొద్దున్న అన్నమ్మ పాట ఎత్తుతుంది. అందరి వరసలో, అందరి ముందు.

ప్రిస్కిల్లా మాస్టారి జోడు చేతిలోకి తీసుకుని, కటకటా వెంబడి పక్కకి జరిగి, వంతెన మీదకి దూకింది. కుచ్చెళ్లు ఆకులకి తగలకుండా ఎత్తి పట్టి, మంచులో నాలుగడుగులు పరుగెత్తి, మలుపు దగ్గర మొగలి డొంకని ఆనుకుని ఊపిరి బిగబట్టింది. వెనక అడుగుల చప్పుడు లేదు. ఒక్క బల్ల కిర్రుమనలేదు. వెళ్లిపోయాడా?

తల తిప్పి చూసింది.

మంచె వైపు నుంచి ఒక ఆకు ముడుచుకుంది. దాని పక్కది. దాని పక్కది.

*

తవిటమ్మ
వయసు డెబ్బై రెండు
ఇప్పుడు ఉంటున్నది కోటబొమ్మాళిలో, చిన్న కూతురి దగ్గర